కంపెనీ వూఫర్ మార్పించేవారు వాట్లకు ముందు వైరు గురించి అడగాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కారుతో పాటు కంపెనీ నుంచే వచ్చిన సబ్‌వూఫర్‌ను (బేస్ అనే కింది స్వరాలను, దరువును పలికించే స్పీకరు; వూఫర్ అని కూడా అంటాం) తీయించి, దాని స్థానంలో పెద్దది వేయించుకోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు మామూలు సంగతైపోయింది. ఆ పని జరుగుతున్న తీరు గురించి, ముఖ్యంగా కొత్త వూఫర్‌కు కరెంటు మోసుకెళ్లే వైరు గురించి, ఆ వైరుకు ఉండవలసిన ఫ్యూజు గురించి మీ పత్రిక ద్వారా పాఠకులకు కొన్ని విషయాలు తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో చాలా కాలంగా కార్ల ఎలక్ట్రికల్ పని, ఆడియో ఫిటింగ్ చేస్తున్నవాడిని. తోటి పనివారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఈ పనిలో చేయి తిరిగినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కానీ కొనేవారు అడిగే ప్రశ్నను బట్టే దుకాణంలో సరుకు ఉంటుంది. "అన్నా, ఇది ఎన్ని వాట్లు?" అన్న ఒక్క ప్రశ్నతోనే బేరం మొదలై, దానితోనే ముగుస్తున్నంత కాలం, ఆ ఒక్క అంకెను పెద్దదిగా అచ్చువేసిన పెట్టెలే బల్ల మీదకు వస్తాయి.

కంపెనీయే వూఫర్ అమర్చి ఇవ్వడం మన దగ్గర ఖరీదైన కార్లకే పరిమితమైన రోజులు పోయాయి. 2019లో టాటా హారియర్ పై రకాలు 9 స్పీకర్ల జేబీఎల్ వ్యవస్థతో వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో మన పెనుకొండ కర్మాగారంలో తయారైన కియా సెల్టోస్ 8 స్పీకర్ల బోస్ వ్యవస్థతో విడుదలైంది. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700లో సోనీవారి 12 స్పీకర్లు వచ్చాయి. వీటన్నిటిలోనూ సబ్‌వూఫర్ ఒక భాగం. అందువల్ల ఇప్పుడు మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఖాళీ డిక్కీకి కొత్తగా పెట్టె పెట్టించుకునేవారు కారు. ఉన్న వ్యవస్థలో ఒక ముక్క మార్చమని అడిగేవారు. ఈ రెండు పనులూ ఒకటి కావన్న సంగతి దుకాణంలో ఎవరూ విప్పి చెప్పడం లేదు.

కంపెనీ వూఫర్ చాలడం లేదనిపించడంలో తప్పేమీ లేదు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత కింది స్వరం కడుపులో తెలియాలంటే వూఫర్ చాలా గాలిని కదిలించాలి. కంపెనీవారు ఇచ్చేది సాధారణంగా 8 అంగుళాలో అంతకు తక్కువో ఉన్న తేలికపాటి కోన్ (గాలిని కదిలించే స్పీకరు పొర). దాన్ని స్టెప్నీ చక్రం మధ్యలోనో, డిక్కీ పక్క గోడలోనో, సీటు కిందో కొద్ది లీటర్ల ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తారు. బండి బరువు పెరగకూడదు, సామాన్ల చోటు తగ్గకూడదు, వారంటీ కాలంలో కాలిపోయి షోరూముకు తిరిగి రాకూడదు. ఈ మూడు షరతులకూ లోబడి చేయగలిగినంతే వాళ్లు చేస్తారు.

ఆ మూడో షరతు కోసం చాలా కంపెనీ సెట్లలో (డాష్‌బోర్డులోని మ్యూజిక్ సిస్టమ్‌లలో) ఒక ఏర్పాటు ఉంటుంది. వాల్యూమ్ పెంచుతున్న కొద్దీ, మిగతా ధ్వనులతో పోలిస్తే బేస్ పాలును సెట్టే తనంతట తాను తగ్గించుకుంటూ పోతుంది. సగం వాల్యూమ్ దాకా నిండుగా వినిపించిన దరువు ఆపైన పలచబడడానికి కారణం అదే. చిన్న కోన్ దెబ్బతినకుండా చేసుకున్న రక్షణ అది. ఇప్పుడా కోన్‌ను తీసేసి 12 అంగుళాల వూఫర్, దానికొక ఆంప్ (సిగ్నల్ బలం పెంచి స్పీకరుకు ఇచ్చే యాంప్లిఫయర్) పెట్టి, సిగ్నల్ మాత్రం పాత స్పీకరు వైర్ల నుంచే తీసుకున్నామనుకోండి. సెట్టులోని కోత ఎక్కడికీ పోదు. ఇంటి ముందు నిలబెట్టి మెల్లగా వింటే డిక్కీ అదిరిపోతుంది. హైవే ఎక్కి వాల్యూమ్ పెంచితే బేస్ జాడ ఉండదు. బండి యజమాని తిరిగి వచ్చి డూప్లికేట్ వూఫర్ అంటగట్టారని దెబ్బలాడతాడు. దుకాణంలోని కుర్రవాడు ఆయన్ను శాంతపరచడానికి ఆంప్ మీదున్న గెయిన్‌ను చివరిదాకా తిప్పేస్తాడు. గెయిన్ ఉన్నది సెట్టు నుంచి వచ్చే వోల్టేజీకి ఆంప్‌ను సరిపెట్టడానికి. దాన్ని వాల్యూమ్‌లా వాడితే సిగ్నల్ అలల కొనలు తెగి చదునుగా మారతాయి, ఆ అదనపు శక్తి అంతా వాయిస్ కాయిల్‌లో (కోన్‌ను కదిలించే తీగచుట్టలో) వేడిగా దిగుతుంది. కొన్నాళ్లకు డిక్కీ తెరవగానే వార్నిష్ మాడిన వాసన ముక్కుకు తగులుతుంది. అప్పటికే కాయిల్ పోయి ఉంటుంది.

ఈ కోతను పసిగట్టి సరిచేసే డిజిటల్ సౌండ్ ప్రాసెసర్లు బజారులో దొరుకుతున్నాయి. వూఫర్ మీద పెట్టదలచిన డబ్బులో కొంత తగ్గించుకుని అయినా అలాంటిది ఒకటి తీసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. కొన్ని కొత్త కార్లలో సెట్టు నుంచి కంపెనీ ఆంప్‌కు వెళ్లేది డిజిటల్ సిగ్నల్. అక్కడ వైరు కోసి చూస్తే పాట దొరకదు, బండి డిస్‌ప్లే మీద ఎర్రర్ వస్తుంది. అటువంటి బండిలో కంపెనీ ఆంప్ దాటిన తర్వాతి స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవాలి, అదీ ఒరిజినల్ వైరును కోయకుండా ఆ మోడల్‌కు సరిపడే కప్లర్‌తోనే తీసుకోవాలి. ఇంజను హోరును అణచడానికి మైకులతో విని స్పీకర్ల ద్వారా ఎదురు ధ్వని పుట్టించే ఏర్పాటున్న కార్లయితే మరింత జాగ్రత్త అవసరం. కొత్త వూఫర్ వేశాక ఆ లెక్క తప్పి, పాట ఆపినా క్యాబిన్‌లో ఒక మూలుగు మిగిలిపోవచ్చు.

ఖర్చు కలిసివస్తుందని కంపెనీ ఆంప్‌ను అలాగే ఉంచి స్పీకరును మాత్రమే మార్పించుకునేవారు మరికొందరు. కంపెనీ వూఫర్లలో చాలావాటి ఇంపిడెన్సు (కరెంటుకు అడ్డుపడే గుణం) 2 ఓమ్‌లు, కొన్నిటిది అంతకన్నా తక్కువ. బయట ఎక్కువగా దొరికేవి 4 ఓమ్‌లవి. అదే వోల్టేజీ మీద ఓమ్‌లు రెట్టింపైతే వూఫర్‌కు చేరే శక్తి సగానికి పడిపోతుంది. దానికి తోడు బయటి వూఫర్ల కోన్ బరువు ఎక్కువ, అంతే శక్తికి తక్కువ మోగుతాయి. డబ్బు పోసి ఉన్న బేస్‌ను కూడా పోగొట్టుకోవడమన్నమాట. తిరగేసి 4 ఓమ్‌లకు తయారైన ఆంప్‌కు 2 ఓమ్‌ల వూఫర్ తగిలిస్తే కరెంటు రెట్టింపై ఆంప్ వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలుతుంది. మల్టీమీటరు పెట్టి చూడడానికి నిమిషం చాలు. మీటరు మీద 3.4 అని కనిపిస్తే కంగారు పడనక్కర లేదు. 4 ఓమ్‌ల కాయిల్ మీటరుకు కాస్త తక్కువగానే చూపుతుంది.

అట్టపెట్టె మీద అచ్చువేసిన వాట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. పెద్ద అక్షరాల్లో కనిపించేది క్షణకాలం తట్టుకోగల గరిష్ఠ అంకె. నిలకడగా మోయగలిగేది ఆర్ఎంఎస్ అంకె, అది దానిలో నాలుగో వంతో అంతకన్నా తక్కువో ఉండవచ్చు. ఆంప్‌ల విషయంలో అమెరికా పరిశ్రమ సంఘం రూపొందించిన సీఈఏ-2006 అనే కొలత పద్ధతి ఒకటుంది, ఇప్పుడు సీటీఏ-2006 అంటున్నారు. 14.4 వోల్టుల వద్ద, 4 ఓమ్‌ల మీద, వక్రీకరణ 1 శాతం దాటకుండా ఎంత శక్తి ఇస్తుందో అంతే రాయాలన్నది అందులోని నియమం. ఆ గుర్తు ఉన్న ఆంప్ మీది 300, అది లేని ఆంప్ మీది 2000 కన్నా నమ్మదగినది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమేనని, చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలని తెలిస్తే, ఆ అంకెల కోసం జరిగే పోటీ చాలావరకు చల్లబడుతుంది.

నిజానికి వాట్ల కన్నా వూఫర్‌ను బిగించే పెట్టె ఎక్కువ పని చేస్తుంది. కోన్ ముందు నుంచి వచ్చే అల, వెనక నుంచి వచ్చే అల కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే వెనక భాగాన్ని మూయాలి. మూసిన పెట్టెలో ఎంత గాలి ఉండాలన్నది వూఫర్‌ను బట్టి మారుతుంది. 10 అంగుళాలదానికి సాధారణంగా 17 నుంచి 28 లీటర్లు, 12 అంగుళాలదానికి సుమారు 30 లీటర్లు పడుతుంది. పోర్టు (గాలి బయటికి వచ్చే గొట్టం) ఉన్న పెట్టెకైతే ఇంకా ఎక్కువ. కంపెనీవారు వదిలిన పక్క గోడ సందులో 10 అంగుళాల వూఫర్‌ను ఇరికించి, వెనక రంధ్రాలకు టేపు అంటించి పంపితే వచ్చేది బేస్ కాదు, నంబరు ప్లేటు గలగల. చిన్న కారు క్యాబిన్‌కు ఒక మంచి గుణం కూడా ఉంది: తలుపులన్నీ మూశాక బాగా కింది స్వరాలు వాటంతట అవే బలపడతాయి. అందువల్ల హ్యాచ్‌బ్యాక్ ఉన్నవారికి ఆంప్‌తో కలిసే వచ్చే సీటు కింది పలచని వూఫర్ సరిపోవచ్చు. అది అమ్మితే లాభం తక్కువ కాబట్టి దాని గురించి ఎక్కువ దుకాణాల్లో మాట రాదు.

ఇక నా చేత ఈ ఉత్తరం రాయించిన వైరు దగ్గరకు వస్తాను. 500 వాట్ల ఆర్ఎంఎస్ ఇచ్చే క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ ఒకటి తీసుకుందాం. దాని సామర్థ్యం 80 శాతం అనుకుంటే బండి నుంచి 625 వాట్లు లాగాలి. ఇంజను నడుస్తుండగా 13.8 వోల్టులు ఉంటే, అది 45 ఆంపియర్లు. కంపెనీ సెట్టుకు ఉండే ఫ్యూజు మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్లది. కాబట్టి బానెట్ కింది బ్యాటరీ నుంచి డిక్కీ దాకా, సుమారు 5 మీటర్ల పొడవున, వేరే వైరు లాగక తప్పదు. అది 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుతుంది) అసలు రాగి వైరైతే ఆ దారిలోనే దాదాపు అర వోల్టు పోతుంది, 20 వాట్ల పైచిలుకు శక్తి వైరులోనే వేడిగా మారుతుంది. 4 గేజ్ వేస్తే నష్టం 0.2 వోల్టు లోపే ఉంటుంది. పాట నడుస్తున్నంతసేపూ ఆ వేడి కార్పెట్ కిందే పుడుతుంటుంది.

ఇదంతా అసలు రాగి అయితే. బజారులో "వైరింగ్ కిట్" పేరుతో అమ్మేవాటిలో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియమే. పైకి చూస్తే తేడా తెలియదు. కొస దగ్గర ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే ఎర్రటి పూత లేచిపోయి అడుగున తెల్లగా మెరుస్తుంది. అదే మందంలో దాని విద్యుత్ వాహకత రాగిలో సుమారు మూడింట రెండు వంతులు. అది బొత్తిగా పనికిరాదని నేను అనను. ఆ సంగతి చెప్పి, తగినంత లావు వైరు వేస్తే పని చేస్తుంది. జరుగుతున్నది అది కాదు. 8 గేజ్ అని అచ్చువేసిన మందపాటి తొడుగు లోపల గుప్పెడు సన్నని పోగులు పెట్టి, రాగి ధరకు దగ్గరగా అమ్ముతున్నారు. అల్యూమినియం స్క్రూ కింద కాలక్రమేణా వదులవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పుగాలికి త్వరగా తెల్లబూజు పట్టి, ఆ జాయింటు దగ్గరే వేడి పుడుతుంది.

ఫ్యూజు గురించి మరీ నొక్కి చెప్పాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి బయలుదేరిన వైరుకు 18 అంగుళాల లోపే మెయిన్ ఫ్యూజు ఉండాలి. ఆంప్ ఒంటి మీదే ఫ్యూజులున్నాయి కదా అని దీన్ని ఎగ్గొట్టేవారున్నారు. ఆంప్ మీది ఫ్యూజు ఆంప్‌ను మాత్రమే చూసుకుంటుంది. దాని కన్నా ముందున్న 5 మీటర్ల వైరు ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా దానికి తెలియదు. షార్ట్ అయిన క్షణంలో కారు బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు. అంత కరెంటు పారితే తొడుగు మండడానికి క్షణాలు చాలు. ఇంజను గదికి, క్యాబిన్‌కు మధ్యనున్న ఇనుప రేకులో రంధ్రం చేసి, రబ్బరు గ్రొమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) వేయకుండా వైరు దూర్చితే, బండి కదిలినప్పుడల్లా ఆ రేకు అంచు తొడుగును కొద్దికొద్దిగా కోస్తుంది. ఇటీవల మా షెడ్డుకు వచ్చిన ఒక బండిలో కార్పెట్ ఎత్తి చూస్తే, ముందు సీటు రైలు కింద నలిగిన చోట వైరు తొడుగు కరిగి కార్పెట్ నారకు అతుక్కుపోయి ఉంది. బానెట్ కింద ఫ్యూజు హోల్డరు ఉంది. దానిలో ఫ్యూజుకు బదులు రాగి తీగ ముక్క చుట్టి ఉంది. ఆ కుటుంబం అదే బండిలో పిల్లలతో తిరుపతి వెళ్లి వచ్చింది. అమర్చినవారు వారికి ఇచ్చిన బిల్లులో "మ్యూజిక్ సిస్టమ్ – 1" అన్న మాట, ధర తప్ప ఇంకేమీ లేవు.

ఎర్త్ (ఆంప్ నెగటివ్‌ను కారు బాడీకి కలిపే వైరు) విషయంలోనూ ఇలాంటి తొందరపాటే చూస్తున్నాను. ఎర్త్ వైరు పాజిటివ్ వైరు ఎంత లావుందో అంత లావుండాలి, వీలైనంత పొట్టిగా ఉండాలి, పెయింటు గీకి ఇనుము కనిపించేలా చేసిన చోట బోల్టుతో బిగించాలి. వెనక సీటు కింద నేలలోకి డ్రిల్లు దించి స్క్రూ కొట్టడం మాత్రం ప్రాణాలతో ఆట. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు సరిగ్గా దాని కిందే ఉంటుంది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్న బండిలో ఆంప్‌ను సిలిండరుకో, గ్యాసు పైపుకో ఆనించి బిగించడం కూడా చూశాను. అటువంటి బండికి సీటు కింది చిన్న వూఫర్ తప్ప వేరేది సూచించకూడదు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయే కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద కరెంటును లెక్కపెట్టే సెన్సరు ఉంటుంది. ఆంప్ ఎర్త్‌ను నేరుగా ఆ నెగటివ్ పోస్టుకు కలిపితే లెక్క తప్పి, బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో ఎవరికీ అంతుపట్టదు. ఎలక్ట్రిక్ కారులో ఆంప్‌కు కావలసిన కరెంటు 12 వోల్టుల బ్యాటరీ నుంచే తీసుకోవాలి, నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. అవి హై వోల్టేజీవి.

దరువు పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే దానికి మందుగా 1 ఫారడ్ కెపాసిటర్‌ను (కరెంటును కాసేపు నిల్వ ఉంచే పరికరాన్ని) అమ్ముతుంటారు, మెరిసే మీటరుతో సహా. 14 వోల్టుల నుంచి 12కు దిగేలోపు ఆ కెపాసిటర్ ఇవ్వగలిగింది 26 జౌళ్లు. 625 వాట్లు లాగే ఆంప్‌కు అది సెకనులో ఇరవయ్యో వంతుకు కూడా చాలదు. ఆ డబ్బుతో లావు వైరు, మంచి ఎర్త్ కొనుక్కోవచ్చు. అప్పటికీ మసకబారితే బండి ఆల్టర్నేటర్ మోయగలిగిన దానికన్నా పెద్ద ఆంప్ తగిలించామని ఒప్పుకుని చిన్నది వేసుకోవాలి.

బండి బయట ఉన్నవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఆ కొలత మనిషి చెవి తీరును అనుసరించి తీసేది కాబట్టి, 50 హెర్ట్జ్ ధ్వనిని మీటరు సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. మీటరు ప్రకారం అంతా సవ్యంగానే ఉన్నా, వీధిలోని ఇంట్లో పడుకున్న వృద్ధురాలికి కిటికీ అద్దం అదరడం ఆగదు. కింది స్వరాలకు కారు రేకూ, ఇంటి గోడా పెద్ద అడ్డు కావు. లోపల కూర్చున్నవారికేమో వెనక నుంచి వస్తున్న 108 అంబులెన్సు సైరన్ వినబడదు. బేస్‌ను ఇష్టపడేవాడిగానే ఈ మాట చెబుతున్నాను. బాగా అమర్చిన వూఫర్‌కు అంత మోత అవసరం పడదు.

నా విన్నపం దుకాణదారులకు, కొనేవారికి, ఐటీఐలలో ఆటో ఎలక్ట్రికల్ ట్రేడు నేర్పేవారికి. ఈ వైరు, ఫ్యూజు లెక్కను ఆ కుర్రవాళ్లకు తరగతిలో ఒక్క రోజు చేయించి చూపితే, వాళ్లు రేపు ఏ దుకాణంలో చేరినా అది వాళ్ల చేతిలో ఉంటుంది. వూఫర్ అమర్చిన ప్రతి దుకాణమూ బిల్లులో వూఫర్ ఆర్ఎంఎస్ ఎంత, ఎన్ని ఓమ్‌లు, వైరు రాగిదా పూతదా, ఎన్ని గేజులు, మెయిన్ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది, అది ఎక్కడ బిగించారు అన్నవి రాసి ఇవ్వాలి. కొనేవారు అవి రాయించుకోకుండా డబ్బు చెల్లించవద్దు. కంపెనీ అమర్చని ఎలక్ట్రికల్ పరికరాలకు మోటారు బీమాలో ఐఎంటీ-24 అనే ఎండార్స్‌మెంటు (పాలసీకి జతచేసే అదనపు షరతు) ఉంది. దాని గురించి తమ బీమా ఏజెంటును అడిగేటప్పుడు ఈ బిల్లే ఆధారంగా పనికివస్తుంది. దాన్ని ఆర్‌సీతో పాటు బండిలోనే ఉంచితే, రేపు ఆ కారు చేతులు మారినా, తర్వాత దాని మీద పని చేసే ఎలక్ట్రీషియన్ కార్పెట్ కింద ఏ వైరు ఎటు పోతోందో తడుముకోవలసిన పని ఉండదు.

ఇట్లు,
ఒక కార్ ఆడియో ఫిట్టర్,
ఆటోనగర్, విజయవాడ.